పలుకని పొరుగువాడు

చదువరీ, పక్షవాతము తగిలి మాట పడిపోయిన వృద్ధుడొకడు వసారాలో మంచముపై పండుకొనియుండగా, ఆయన కాళ్లవైపున చాప పరచుకొని కుమారులు పొలము పంపకమును గూర్చి మాటలాడుకొనుట మీ గ్రామములో మీరు చూచియే యుందురు. పరామర్శకు వచ్చిన బంధువులు కోడలిని చూచి, “ఇంకెన్నాళ్లమ్మా నీకీ చాకిరి?” అని ఆయన తలాపిననే నిలిచి అడుగుదురు. ప్రార్థన చేయుటకు వచ్చిన సంఘపు పెద్దలు సైతము ఇంటివారితో కుశలప్రశ్నలన్నియు ముగించి, మంచముమీది మనిషితో ఒక్క మాటయైనను పలుకకయే లేచిపోవుదురు. వీరెవరును దుర్మార్గులు కారు. ఆయన వినుట లేదని వారు నమ్మిరి. వినువాడైతే బదులు చెప్పును గదా యని వారి తలంపు.

ఈ తలంపు సరియైనదేనా? బదులు పలుకనివాడు అక్కడ లేనివాడగునా? లేనివాడే యైనచో అతనియెడల మనకు ఏ బాధ్యతయు లేదా? ఈ ప్రశ్నలు బోధకులకును తత్త్వవేత్తలకును మాత్రమే సంబంధించినవని మనము అనుకొందుము. అయితే మెదడును చిత్రములు తీయు శాస్త్రజ్ఞుడొకడు 1997 మొదలుకొని వీటిలో మొదటి ప్రశ్నను వెంబడించుచు వచ్చెను. ఆయన పేరు ఆడ్రియన్ ఓవెన్. 1966లో ఇంగ్లాండులో పుట్టెను. ఆయన పని యేమిటో, దానిలో తేలినదేమిటో తెలిసికొనిన పిమ్మట మన ఇంటి మంచమువైపు మరల చూతము.

మొదట ఆ చిత్రములెట్లు తీయుదురో కొంచెము చెప్పవలెను. మనము చేయి కదపినను, పాట వినినను, ఊరకనే కూర్చుండి ఒక ముఖమును జ్ఞాపకము చేసికొనినను, మెదడులో ఆ పనికి పూనుకొనిన భాగమునకు రక్తము అధికముగా పారును. కాలువనుండి ఏ మడికి గండి కొట్టితిమో ఆ మడికే నీరు పారినట్లుగా నుండును. మొదటి రోజులలో, కిరణములు వెలువరించు నీటిని కొద్దిగా నరములోనికెక్కించి, అది మెదడులో ఎక్కడ చేరినదో కనిపెట్టెడివారు. 1990లో అమెరికాలో పనిచేయుచున్న సైజీ ఒగావా అను జపాను శాస్త్రజ్ఞుడు మరియొక మార్గము చూపెను. రక్తములో ఇనుమున్నది. ప్రాణవాయువును మోయుచున్న రక్తమునకును, దానిని దించివేసిన రక్తమునకును అయస్కాంతము దగ్గర నడవడిలో స్వల్ప భేదమున్నది. ఆ భేదమును పట్టుకొనిన యెడల సూది గ్రుచ్చకయే మెదడు పని చేయు చోటును గుర్తింపవచ్చును. అందుకు మనిషిని గొట్టమువంటి పెద్ద యంత్రములో పరుండబెట్టుదురు. దాని అయస్కాంతశక్తి భూమికున్న అయస్కాంతశక్తికంటె పదివేలకొలది రెట్లు అధికము. లోపల చెవులు బద్దలగునంతటి చప్పుడు. తుదకు వచ్చునది, స్టూడియోలో తీసిన ఫోటో వంటిది కాదు. వేలకొలది లెక్కలు కట్టి గీసిన పటము. ఈ సంగతి మరువవద్దు; మరల దీనితో పని యున్నది.

ఓవెన్ లండనులో చదువు ముగించి, 1992లో కెనడాలోని మాంట్రియల్ నగరమునకు పోయి ఈ విద్యలో ఆరితేరెను. ఆ దినములలో ఆయన వెదకినది, మనిషి ఒక సంగతిని మనస్సులో ఎట్లు పట్టియుంచుకొనును, చేయబోవు పనిని ఎట్లు యోచించుకొనును అను విషయములే. 2017లో ప్రకటించిన తన గ్రంథములో ఆయన తన సొంత జీవితములోని సంగతియొకటి దాచక వ్రాసెను. యౌవనమందు ఆయనకు మిక్కిలి ఆప్తురాలైన యొక స్త్రీ మనోవ్యాధిగ్రస్తులకు పరిచర్య చేయు పనిలో ప్రవేశించెను. రోగికి ఉపకారము కాని శాస్త్రమెందుకని ఆమె వాదము. తెలిసికొనుటయే మొదటి పని యని ఆయన వాదము. తుదకు వారు విడిపోయిరి. 1996లో ఆమె మెదడులో రక్తనాళము చిట్లి, కన్నులు తెరచియున్నను తెలివి లేని స్థితిలో పడిపోయెను. ఆయన ఇంగ్లాండునకు తిరిగి వచ్చి కేంబ్రిడ్జిలో పని మొదలుపెట్టినదియు ఆ సంవత్సరముననే. వారిద్దరిలో ఎవరు న్యాయముగా మాటలాడిరో మీరు ఇప్పుడే తీర్పు తీర్చవద్దు.

అట్టి స్థితికి వైద్యులు 1972లో ఒక పేరు పెట్టిరి. చెట్టుచేమలు బ్రదుకునట్లు బ్రదుకు స్థితి యని దాని భావము. రోగి నిద్రించును, మేల్కొనును, శ్వాస తీయును, కన్నులు తెరచును. గాని పిలిచిన పలుకడు, చెప్పిన పని చేయడు. పేరు పెట్టినవారు దురుద్దేశముతో పెట్టలేదు. అయినను మనిషికి చెట్టు పేరు పెట్టిన తరువాత ఆ మనిషితో మాటలాడువారు తగ్గిపోవుదురనుట నా అభిప్రాయము.

1997లో కేంబ్రిడ్జి ఆసుపత్రికి ఇరువది యారేండ్ల బడిపంతులమ్మ యొకతె వచ్చెను. వైరస్ సోకినందున మెదడు వాచి, నెలలు గడచినను ఆమె ఎవరికిని బదులియ్యలేదు. ఓవెనును ఆయనతోడి వైద్యులును ఆమెను యంత్రములో పరుండబెట్టి, ఆమె తల్లిదండ్రుల ముఖములును బంధువుల ముఖములును గల ఫోటోలు ఒకదాని వెంట నొకటి చూపిరి. నడుమ నడుమ ఆనవాలు పట్టరాని చెదరిన బొమ్మలు చూపిరి. ముఖములు వచ్చినప్పుడెల్ల ఆమె మెదడులో, ఆరోగ్యవంతునికి ఏ భాగము పని చేయునో ఆ భాగమే పని చేసెను. వారు ఆశ్చర్యపడిరి గాని తొందరపడలేదు. మనము ఎరుగకయే మన మెదడు ముఖమును గుర్తింపగలదు గనుక, ఇది తెలివియున్నదనుటకు చాలిన సాక్ష్యము కాదని వారు తలంచిరి.

ఆ పంతులమ్మ అటుపిమ్మట మెల్లమెల్లగా కోలుకొనెను. కాళ్లు రాలేదు గాని తన భావము తెలుపు శక్తి వచ్చెను. అప్పుడామె చెప్పిన సంగతులు వినుడి. ఆ నెలలలో తనకు దాహము విపరీతముగా నుండెను. కఫము తీయుటకు నోటిలోనికి గొట్టము దూర్చునప్పుడు అది ఏమిటో, ఎందుకో, ఎవరును చెప్పనందున మిక్కిలి భయపడెను. కేక వేసినప్పుడు దానిని దేహము తనంతట తాను చేసిన చప్పుడని నర్సులు అనుకొనిరి. చనిపోవలెనని ఊపిరి బిగబట్టి చూచెను, దేహము ఒప్పుకొనలేదు.

ఇక్కడ కొంచెము ఆగుడి. ఆ నర్సులు ఆమెను కడుగక మానిరా? లేదు. ఆహారము పెట్టక మానిరా? లేదు. ప్రక్క త్రిప్పి, పుండ్లు పడకుండ కాచి, ప్రాణము నిలిపినది వారే. వారు చేయని పని యొక్కటే: “అమ్మా, ఇప్పుడు నీ గొంతులో కఫము తీయబోవుచున్నాను, కొంచెము బాధగా నుండును” అని చెప్పుట. మాట చెప్పుటకు ఖర్చు లేదు. చెప్పుటకు కావలసినదెల్ల, అక్కడ ఒకరున్నారను నమ్మకము మాత్రమే.

2005 జూలైలో రోడ్డు ప్రమాదములో మెదడు చితికిన ఇరువది మూడేండ్ల స్త్రీ విషయములో ఓవెన్ ఇంకొక అడుగు ముందుకు వేసెను. ప్రమాదము జరిగి అయిదు నెలలైనను ఆమె కనురెప్పతోనైనను బదులియ్యలేదు. ఆమెకు ఏమియు చూపలేదు. ఒక పని చెప్పిరి. “టెన్నిసు బంతి కొట్టుచున్నట్లు మనస్సులో ఊహించుకొనుము” అనిరి. కొంతసేపటికి, “నీ ఇంటిలో ఒక్కొక్క గదిలోనికి నడచిపోవుచున్నట్లు ఊహించుకొనుము” అనిరి. మొదటి ఊహకు మెదడులో అవయవముల కదలికను సిద్ధపరచు భాగము పని చేయును. రెండవదానికి దారులను స్థలములను గుర్తుపెట్టుకొను భాగములు పని చేయును. ఇవి వేరు వేరు చోట్లనుండుటచేత ఒకదానినొకటి అనుకొనుటకు వీలులేదు. ఆమె మెదడు చెప్పినదెల్ల చెప్పినట్లు చేసెను. 2006 సెప్టెంబరులో ఈ సంగతి ప్రకటింపబడెను.

వెంటనే ఆక్షేపణలు బయలుదేరెను, బయలుదేరుట మంచిదే. టెన్నిసు అను మాట చెవినిబడగానే మెదడు తనంతట తాను ఉలికిపడియుండవచ్చునని కొందరనిరి. దానికి వారిచ్చిన ప్రత్యుత్తరము బలమైనదే: మాట వినినందున కలుగు కదలిక క్షణములో పోవును, ఆమె మెదడు ముప్పది సెకండ్లపాటు, “ఇక చాలును” అనువరకు, ఆ పనిలోనే యుండెను. ఆడుకొనునది కాళ్లు చేతులు కాక మనస్సైనను, ఆట ఆటయే.

ఈ పటములను ఊరక నమ్మరాదనుటకు ఒక వింత సంగతి గూడ చెప్పెదను. 2009లో అమెరికాలో క్రెయిగ్ బెన్నెట్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును చచ్చిన సాల్మన్ చేపనొకదానిని ఈ యంత్రములో పెట్టి, దానికి మనుష్యుల ఫోటోలు చూపి, వీరి మనస్సులో ఏమున్నదో చెప్పుమని అడిగిరి! లెక్కలు జాగ్రత్తగా సరిచూడని యెడల, ఆ చేప మెదడులో గూడ ఆలోచన వెలిగినట్లు పటములో కనబడెను. ఎగతాళికి చేసినట్లున్నను ఇది శాస్త్రజ్ఞులు తమ్మును తాము పరీక్షించుకొనిన పని. తన తక్కెడనే అనుమానించి మరల తూచి చూచు వర్తకుని యొద్ద మనము ధైర్యముగా సరకు కొందుము.

2010లో కేంబ్రిడ్జి వారును బెల్జియములోని లీయేజ్ వారును కలిసి ఏబది నలుగురు రోగులను పరీక్షించిన ఫలితము వెలువడెను. అయిదుగురు చెప్పిన ప్రకారము తమ తలంపును మార్చగలిగిరి. వారిలో నొకనితో సంభాషణ సైతము సాగెను. “అవును అనుటకు టెన్నిసు ఊహించుకొనుము, కాదు అనుటకు ఇల్లు ఊహించుకొనుము” అని చెప్పి, అతని తండ్రి పేరు మొదలగునవి ఆరు ప్రశ్నలడిగిరి. అయిదింటికి సరియైన బదులు వచ్చెను. ఆరవదానికి ఏమియు రాలేదు. తరువాత ఓవెన్ కెనడాలోని ఒంటారియోకు పోయెను. కారు ప్రమాదము జరిగి పండ్రెండేండ్లైన ఒక మనిషిని 2012లో అక్కడ ఆయన, “నీకు నొప్పి యున్నదా?” అని అడిగెను. లేదని బదులు వచ్చెను. ఆ తలిదండ్రులకు పండ్రెండేండ్లుగా రాత్రింబగళ్లు మనస్సును తొలిచిన ప్రశ్న అదే యై యుండదా? రోగికి ఉపకారము కాని శాస్త్రమెందుకని వాదించిన ఆ స్త్రీకి, ఆమె అడిగిన బదులు ఇట్లు వచ్చెను. తెలిసికొనుటయే ఉపకారమగు సమయములున్నవి. కాని, ఆమె అడుగకపోయినయెడల ఆయన ఈ త్రోవ తొక్కియుండునా యని గూడ నాకు తోచుచున్నది.

“అయితే వీరు ఆత్మను చూచిరా?” అని మీలో కొందరడుగుదురు. చూడలేదు. చూచితిమని వారనలేదు. వారు చూచినది రక్తముయొక్క పరుగు. దానినిబట్టి లోపల చెప్పిన మాట విని లోబడినవారొకరున్నారని తెలిసికొనిరి. తలుపు సందులోనుండి దీపపు వెలుతురు కనబడినప్పుడు ఇంటిలో మనుష్యులున్నారని తెలియును. వారి ముఖములు కనబడవు. వెలుతురు చూచినవాడు ముఖము చూచితినని గొప్ప చెప్పరాదు. ముఖము చూడలేదు గనుక ఇంటిలో ఎవరును లేరనియు చెప్పరాదు.

ఈ రెండవ మాట ఎంత ముఖ్యమో 2024లో వెలువడిన యొక పెద్ద పరిశోధన చూపుచున్నది. అనేక ఆసుపత్రులు కలిసి, మంచముదగ్గర ఏమి చెప్పినను చేయలేని 241 మందిని పరీక్షించిరి. వారిలో 60 మంది, అనగా నలుగురిలో ఒకరు, లోలోపల చెప్పిన పని చేయుచున్నారని తేలెను. ఇది వినిన అందరును ఆశ్చర్యపడిరి. నన్ను మాత్రము అందులోని మరియొక లెక్క ఎక్కువగా పట్టుకొనెను. చెప్పిన పని పైకి చేయగల 112 మందిని గూడ అదే విధముగా పరీక్షింపగా, 43 మంది మెదడులో మాత్రమే బదులు కనబడెను. చేయి యెత్తుమనిన ఎత్తువారు, మన కన్నులయెదుట తెలివితో నున్నవారు, వారిలో సగమునకు పైగా యంత్రమునకు కనబడకపోయిరి! కాబట్టి యంత్రము ఉన్నదనిన నమ్మవచ్చును; ఏమియు చెప్పకున్నచో, ఆ మౌనమును లేదను మాటగా వ్రాసికొనరాదు.

మరి మిగిలిన 181 మంది సంగతియేమి? ఇక్కడనే మన ప్రశ్న కఠినమగుచున్నది. వారిలో కొందరు నిజముగా ఏమియు ఎరుగని స్థితిలో నుండవచ్చును. మెదడు అంతగా చెడిపోవుట కలదు. లేదని చెప్పి ఇంటివారికి ఆశ చూపుట దయ కాదు. అయితే, “వినునేమో” అను కారణముచేత మాత్రమే మనము రోగిని గౌరవించితిమా, వినడని తేలిన దినమున మన గౌరవము లేచిపోవును. అది ఆ మనిషికిచ్చిన గౌరవము కాదు. వచ్చు బదులుకు మనమిచ్చిన వెల.

ముంబాయిలోని కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా నున్న అరుణా శాన్‌బాగ్‌పై 1973లో ఒకడు చేసిన ఘోరమువలన ఆమె మెదడు చెడెను. 2015లో చనిపోవువరకు నలుబది రెండేండ్లు ఆ ఆసుపత్రి నర్సులే ఆమెను కడిగి, తినిపించి, ప్రక్క సర్ది పోషించిరి. వారిలో అనేకులు ఆమె నిలిచి నడచిన దినములను చూడనివారు. ఆమెకు ఆహారము మానిపింపవలెనను అర్జీ సుప్రీంకోర్టుకు పోయినప్పుడు ఆ ఆసుపత్రివారు ఒప్పుకొనలేదు. 2011లో కోర్టు ఆ అర్జీని త్రోసివేసెను. ఆ నర్సులు ఏ పటము చూచి ఆ పని చేసిరి? ఆమె తమదను మాట చాలెను. అయితే వారు ఒక్కరు కారు, వంతులు వేసికొని చేసిరి. మన గ్రామములో ఒక్క కోడలు ఆ పనియంతయు మోయవలసియున్నది. ఆమె అలసి విసుగుకొనినప్పుడు ఆమెకు ధర్మము బోధించుటకంటె, ఒక పూట ఆ మంచముదగ్గర మీరు కూర్చుండి ఆమెను నిద్రపోనిచ్చుట మేలు.

ఇక మరియొక ప్రశ్న. అవును కాదని చెప్పగలవానిని, “నీవు బ్రదుకగోరుదువా?” అని ఎందుకు అడుగరాదు? అడుగవచ్చునని చెప్పువారును కలరు. ఒక్క అవుననుమాటతోనో కాదనుమాటతోనో మనిషి ప్రాణమును తూచుట ఎట్లో నాకు తోచుటలేదు. ఆ దినమున నొప్పి యెక్కువై కాదనెనేమో. ఇంటివారికి భారమైతినని కాదనెనేమో. ఎందుకని అడుగుటకు ఆ యంత్రములో వీలెక్కడిది? దీనికి సమీపమైన సంగతి యొకటి తెలియవచ్చినది. దేహమంతయు బిగిసిపోయి, కన్నులతో మాత్రమే మాటలాడగల రోగులను లీయేజ్ వైద్యులు వారి సంతోషమును గూర్చి అడిగి 2011లో ప్రకటించిరి. అరువది యయిదుగురిలో నలుబది యేడుగురు సంతోషముగానే యున్నామనిరి, పదునెనిమిదిమంది లేమనిరి. ఆ పదునెనిమిదిమంది దుఃఖము నిజమైనదే. దానిని తేలిక చేయరాదు. అయినను, “అట్టి బ్రదుకు బ్రదుకుటకంటె చచ్చుట మేలు” అని మంచము ప్రక్కన నిలిచి సులువుగా ననుచుందుమే, ఆ మాటకు ఆ నలుబది యేడుగురు ఒప్పుకొనరు.

మన ఊళ్లలో మంచము పట్టిన వారిలో ఎక్కువమంది ఇంత దూరము పోయినవారు కారు. పక్షవాతమున మాట మాత్రమే పోయినవారు అనేకులు. మాట పోవుట వేరు, తెలివి పోవుట వేరు అని 1861లోనే పారిసు వైద్యుడు పాల్ బ్రోకా చూపెను. ఆయన రోగి యొకడు “టాన్” అను ఒక్క శబ్దము తప్ప పలుకలేకపోయినను ఎదుటివారు చెప్పినది చాలమట్టుకు గ్రహించుచుండెను. కాబట్టి వసారాలోని తండ్రిని గూర్చి తెలిసికొనుటకు కేంబ్రిడ్జి యంత్రము రానక్కరలేదు. పొలము పంపకము ఆయనకు వినబడుచున్నదనియే ఎంచుకొని మాటలాడవచ్చును. ఇంకను మేలు, ఆయనతోనే మాటలాడవచ్చును. వచ్చినది ఎవరో పేరు చెప్పి, ఈ సంవత్సరము చెరువు నిండినదో లేదో చెప్పి, ప్రార్థన చేయబోవుచున్నామని ఆయనకే చెప్పి కన్నులు మూయవచ్చును.

ఓవెన్ చేసిన పనులలో మరియొకటి చెప్పవలసియున్నది. 2014లో ఆయనయు ఆయన తోడివారును ముప్పది నాలుగేండ్ల రోగియొకనికి యంత్రములో ఒక సినిమా చూపిరి. 1961లో హిచ్‌కాక్ తీసిన కథ అది. పసివాడొకడు నిజమైన తుపాకిని ఆటబొమ్మ యనుకొని కనబడినవారి మీద గురిపెట్టుచుండును. గుండు లోపలనున్నదని చూచువారికి తెలియును, పిల్లవానికి తెలియదు. ఆ సంగతి గ్రహించినవానికే గుండె దడదడలాడును. ఆరోగ్యవంతుల మెదడు ఎక్కడెక్కడ బిగిసి ఎక్కడెక్కడ సడలెనో, ఈతని మెదడును అక్కడక్కడనే బిగిసి సడలెను. కథ ఆయనకు అర్థమగుచుండెను. పదునారేండ్లుగా ఆయన ఎవరికిని బదులిచ్చినవాడు కాడు. ఓవెన్ తన గ్రంథములో వ్రాసిన ప్రకారము, ఈ పటము తీయక పూర్వము ఎన్నో ఏండ్లనుండి ఆ రోగి తండ్రి అతనిని వారము వారము సినిమాకు తీసికొనిపోవుచుండెను.